డెబ్బై ఏళ్ల టేకు, ఐదు నెలల్లో పగిలిన బల్ల

ఇది నేను చేసిన డైనింగ్ టేబుల్ గురించి. నా చేతిలోనే చెడింది, మళ్లీ నా చేతిలోనే బాగుపడింది. కొన్నవాళ్లని అడిగే రాస్తున్నాను. వాళ్లెవరో తెలియకుండా ఊళ్లు, చుట్టరికాలు కొన్ని మార్చాను. కొలతలు, నెలలు మాత్రం నా నోటుపుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే. బల్ల అంటే నాలుగు కాళ్లు, ఒక చట్రం, పైన పలక. ఇంతకంటే తేలిక పని మా షెడ్డులో ఇంకోటి ఉండదనుకునేవాణ్ణి.

నేపథ్యం

గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఊరి బయట మా షెడ్డు ఉంది. నేను, ఒక పెద్ద మేస్త్రి గారు, ఇద్దరు కుర్రాళ్లు. మేస్త్రి గారు మంచాలు, తలుపులు చేసిన కాలం మనిషి. నేను ప్లైవుడ్ బీరువాలతో మొదలుపెట్టి, తర్వాత కర్రపనిలోకి వచ్చినవాణ్ణి. ఈ తేడా మీకు ముందుముందు పనికొస్తుంది.

ఒక రిటైరైన దంపతులు పల్లెలో తాతలనాటి పెంకుటిల్లు పడగొట్టించారు. పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు, వీళ్లూ అక్కడే పన్నెండో అంతస్తులో ఉండబోతున్నారు. పోగా మిగిలినవి రెండు టేకు దూలాలు, ఒక వీధి తలుపు. తలుపుని గోడకి అలంకారంగా పెట్టుకుంటామన్నారు. దూలాలతో ఆరుగురు కూర్చునే భోజనాల బల్ల కావాలన్నారు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. "మా నాన్నగారి ఇంటి కర్ర, జాగ్రత్త నాయనా" అన్నారు మాస్టారు. ఆయన అడిగింది ఆ ఒక్కటే.

దూలాల్లో మేకులుంటాయని కోత మిల్లు ఆయన ముందు ఒప్పుకోలేదు. రెండు రోజులు కూర్చుని మేకులన్నీ పీకి, అయస్కాంతంతో తడిమి చూపిస్తే అప్పుడు రంపం కింద పెట్టాడు. లోపల కర్ర చూడాలి! చేవంతా తేనెరంగు, ఒక్క పురుగు బెజ్జం లేదు. అంగుళంపావు మందంలో పలకలు తీశాం. అది ఆగస్టు నెల.

మొదటిసారి ఎలా చేశాను, ఎందుకలా చేశాను

ఇక్కడ నా నిర్ణయాలు నాలుగున్నాయి. ఒక్కోటి విడిగా చూస్తే ఏదీ పిచ్చిపని కాదు.

ఒకటి, పలకలు ఎంత ఆరాయో చూడలేదు. డెబ్బై ఏళ్లు కప్పు కింద ఉన్న దూలం, ఇంకేం ఆరుతుంది అనుకున్నాను. తేమ మీటరు అప్పటికి నా దగ్గర లేదు. వానల్లో గోదావరి గాలికి నెలన్నర పలకలు షెడ్డులోనే పేర్చి ఉంచాను.

రెండు, ఐదు పలకలు అంచులకి జిగురు రాసి అతికి పైభాగం చేశాక, రెండు చివర్లా మూడంగుళాల అడ్డపట్టీ పెట్టాను. పలకల కోసిన కొనలు కనిపించకుండా ఉంటాయి, బల్ల వంపు తిరగదు. ఆ పట్టీకి ఈ కొస నుంచి ఆ కొస దాకా జిగురు రాసి, పట్టీకి ఆరేసి స్క్రూలు దించాను. మేస్త్రి గారు చూసి "పట్టీకి అంత జిగురెందుకు అబ్బాయ్?" అన్నారు. ఊడకుండా ఉండటానికి అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. అప్పుడు ఆయన్ని నేను తిరిగి అడిగి ఉండాల్సింది.

మూడు, కాళ్లకీ చట్రానికీ మధ్య లోహపు మూల బ్రాకెట్లు వాడాను. దీనికి కారణం బద్ధకం కాదు. బల్ల లిఫ్టులో పన్నెండో అంతస్తుకి వెళ్లాలి, కాళ్లు విప్పగలగాలి. బ్రాకెట్టు, స్క్రూలు అయితే అరగంటలో బిగించి రావచ్చు.

నాలుగు, పైభాగాన్ని చట్రానికి కింద నుంచి ఎల్ ఆకారపు బిళ్లలతో, స్క్రూలతో కదలకుండా బిగించాను. నా లెక్కలో గట్టిదనం అంటే కదలకపోవడమే.

అక్టోబరులో అప్పగించాం. అమ్మగారు పసుపు, కుంకుమ పెట్టి, మొదటిసారి పులిహోర దాని మీదే వడ్డించారు. మాకు పెట్టాకే పంపించారు.

వచ్చిన ఫిర్యాదు

మార్చి రెండో వారంలో ఫోన్. "నాయనా, రాత్రి టప్పుమని శబ్దమొచ్చింది. ఏ గిన్నో పడిందనుకున్నాం. పొద్దున్న చూస్తే బల్ల చీలింది." ఫొటోలు పంపారు. ఒక చివర అడ్డపట్టీ దగ్గర మొదలైన పగులు పద్నాలుగు అంగుళాలు లోపలికి వచ్చింది. పట్టీ దగ్గర నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుంది, లోపలికి వచ్చే కొద్దీ సన్నబడి మాయమైంది. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పారు, అది వేరే సమస్య అన్నట్టుగా: "ఈమధ్య మోచెయ్యి ఆనిస్తే ఊగుతోంది కూడా."

నేనూ రెండూ వేర్వేరనుకున్నాను. పగులుకి కారణం చెక్కలో ముందే ఉన్న లోపం, ఊగడానికి కారణం స్క్రూలు వదులవడం. ఇలా అనుకోవడమే ఈ కేసులో నేను చేసిన అతి పెద్ద పొరపాటు.

ఏప్రిల్‌లో వెళ్లాను. ఆ ఇంట్లో రెండు వారాల్లో నిశ్చితార్థం ఉంది. అమ్మగారి మొహంలో టెన్షన్ చూశాక నాకు పరీక్షలు చేసే ఓపిక, తీరిక రెండూ పోయాయి. పగులులో రంపపు పొట్టు, జిగురు కలిపిన ముద్ద కూరి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, పైన పాలిష్ వేశాను. కాళ్ల బ్రాకెట్లు మార్చి పెద్దవి పెట్టి, అరంగుళం పొడుగు స్క్రూలు దించాను. నిశ్చితార్థం ఫొటోల్లో బల్ల బాగానే ఉంది.

ఆగస్టు వచ్చేసరికి పగులు పూడ్చిన చోట చెయ్యి పెడితే గీతలా గట్టు తగులుతోందన్నారు. జనవరిలో ఆ పూడిక పక్కనే కొత్త పగులు, రెండో చివర ఇంకోటి. కాళ్లు అంతకు నాలుగు నెలల ముందే మళ్లీ ఊగుతున్నాయట. మొహమాటపడి చెప్పలేదు.

రెండోసారి వెళ్లి ఏం చూశాను

ఈసారి మేస్త్రి గారిని వెంటబెట్టుకుని వెళ్లాను. మూడు వేలకి ఒక తేమ మీటరు కొన్నాను. మా షెడ్డులో అదే దూలం తాలూకు మిగులు ముక్కల మీద పెడితే 14 శాతం చూపించింది. బల్ల మీద పెడితే 8.

గాలిలో తేమ ఎంత ఉంటే కర్ర దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. గాలి తేమ 80 శాతం దగ్గరుండే చోట కర్రలో 16 శాతం దాకా నిలుస్తుంది. 40–50 శాతం గాలిలో 8, 9 దగ్గర ఆగుతుంది. హైదరాబాద్ వేసవి పొడిది, పైగా ఆ గదిలో ఏసీ. కర్ర వయసు దీన్ని ఆపలేదు. డెబ్బై ఏళ్ల టేకు కూడా గాలిని బట్టి తేమ తీసుకుంటూ వదులుతూనే ఉంటుంది.

తర్వాత టేపు తీశాం. అప్పగించిన రోజు బల్ల వెడల్పు 915 మిల్లీమీటర్లు. ఇప్పుడు మధ్యలో కొలిస్తే 908. చివర అడ్డపట్టీ మాత్రం 915కి ఒక్క చుక్క తగ్గలేదు. నాకు అప్పుడు అర్థమైంది.

టేకు తక్కువ కుంచించుకుపోయే కర్ర అని పేరు, అది నిజమే. పచ్చి కర్ర పూర్తిగా ఎండేసరికి చెట్టు వయసు వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకి అడ్డంగా, అంటే గుండె నుంచి బెరడు వైపు, 2.5 శాతం తగ్గుతుంది. నార వెంబడి, అంటే పొడవులో, తగ్గేది లెక్కలోకి రానంత తక్కువ. తేమ ఒక్క శాతం మారితే ఎంత అని లెక్కేస్తే మొదటి దిక్కులో దాదాపు 0.2 శాతం, రెండో దిక్కులో 0.08 శాతం. ఈ బల్లలో తేమ ఆరు శాతం పడిపోయింది. కొన వైపు నుంచి చూస్తే వలయాలు పడుకున్న పలకలే అయితే పదిన్నర మిల్లీమీటర్లు తగ్గాలి, వలయాలు నిలబడ్డవే అయితే నాలుగున్నర. మా పలకలు రెండూ కలిసినవి. ఏడు తగ్గింది. అంటే కర్ర ఏ తప్పూ చెయ్యలేదు.

పలకలు ఏడు మిల్లీమీటర్లు దగ్గరికి రావాలనుకుంటున్నాయి. అడ్డపట్టీ నార బల్ల వెడల్పు వెంబడి ఉంది, అది తగ్గదు. జిగురు, ఆరు స్క్రూలు కలిసి పలకల్ని రానివ్వవు. ఎక్కడో ఒక చోట చీలక తప్పదు. అందుకే పగులు చివర్లలో వచ్చింది, మధ్యలో రాలేదు. మధ్యలో పట్టుకున్నది ఎవరూ లేరు.

ఇంక ఊగడం. మేస్త్రి గారు బల్ల కింద పడుకుని టార్చి వేసి చూసి "ఇదీ అదే రోగం" అన్నారు. పైభాగాన్ని నేను చట్రంలోని రెండు పొడుగు పట్టెలకీ కదలకుండా బిగించాను కదా, అది కుంచించుకుపోతూ ఆ పట్టెల్ని రెండు వైపుల నుంచీ మూడేసి మిల్లీమీటర్లు లోపలికి లాక్కుంది. కాళ్ల పైకొసలు లోపలికి వాలాయి. బ్రాకెట్ల స్క్రూల బెజ్జాలు కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయాయి. నేను పెద్ద స్క్రూలు వేసినకొద్దీ ఆ లాగుడు ఇంకో బెజ్జాన్ని సాగదీసింది. స్క్రూ పొడుగు పెంచితే తగ్గే జబ్బు కాదిది.

పూడిక సంగతి కూడా అప్పుడే తేలింది. వానాకాలంలో కిటికీలు తీస్తారు, ఏసీ ఆపేస్తారు, పలకలు ఉబ్బుతాయి, పగులు తనంతట తాను మూసుకుపోవాలి. మధ్యలో నా జిగురు ముద్ద మేకులా అడ్డుంది. అది నలిగి పైకి గట్టులా లేచింది, పక్కనున్న నారని నలిపేసింది. మళ్లీ ఆరేసరికి ఆ నలిగిన చోటే కొత్త పగులు. నేను మరమ్మతు అనుకుని చేసింది రెండో పగులుకి దారి.

గోడ మీది తలుపు

అమ్మగారు కాఫీ ఇచ్చారు. తాగుతూ మేస్త్రి గారు గోడకి పెట్టిన పాత వీధి తలుపు వైపు చూస్తున్నారు. లేచి వెళ్లి ఒక పలక అంచు దగ్గర వేలు పెట్టి "ఇది చూడు" అన్నారు. తలుపుకి ఎప్పుడో వేసిన ఆకుపచ్చ రంగు. చట్రంలో కూర్చున్న ప్రతి పలకకీ రెండు పక్కలా, చట్రాన్ని ఆనుకుని, దారమంత సన్నగా రంగు లేని గీత. పలక ఉబ్బి ఉన్న రోజుల్లో రంగు వేశారు. ఇక్కడికొచ్చాక పలక కుంచించుకుపోయి, గాడిలో దాగి ఉన్న రంగులేని అంచు బయటికి వచ్చింది. పలకకి జిగురు లేదు, మేకు లేదు. నాలుగు పక్కలా గాడిలో ఊరికే కూర్చుంది. అన్నేళ్లలో ఒక్క చీలిక లేదు.

అదే ఇంటి కర్ర. ఆ తలుపు చేసిన ఆయనకి నా మీటరు లేదు, శాతాలు లేవు. చట్రాన్ని మాత్రం కుసి వేసి, అంటే ఒక చెక్క కొసని సన్నగా చెక్కి ఇంకో చెక్క బెజ్జంలో దూర్చి, అడ్డంగా కర్ర చీల కొట్టి కదలకుండా పట్టాడు. పలకని వదిలేశాడు. నేను రెండింటినీ ఒకేలా పట్టాను.

వద్దనుకున్న దారులు

మాస్టారి అబ్బాయి నెట్‌లో చూసి, పగులు మీద సీతాకోకచిలుక ఆకారపు ముక్కలు పొదిగితే అందంగా ఉంటుందన్నాడు. అది మంచి పద్ధతే. జార్జ్ నకషిమా అనే అమెరికన్ వడ్రంగి దాన్ని ప్రపంచమంతా మెచ్చుకునేలా చేశాడు. ఆయన 1930ల చివర్లో పాండిచ్చేరి ఆశ్రమంలో గోల్కొండే అనే భవనం కట్టేచోట పనిచేశాడు. దానికి నిజాం ప్రభుత్వం విరాళమిచ్చింది కాబట్టి ఆ పేరు. ఈ కబురు చెప్తే ఆ అబ్బాయి ఇంకా పట్టుబట్టాడు, నా నోటిదూల! కానీ ఆ ముక్కలు పగులు పెద్దది కాకుండా ఆపుతాయి తప్ప, పగలగొడుతున్నదాన్ని ఆపవు. అడ్డపట్టీ అలాగే ఉంటే లాగుడు ఇంకో చోటు వెతుక్కుంటుంది. అందుకే వద్దన్నాను.

అడ్డపట్టీలు కోసి పారేసి, కొనలు అలాగే వదిలేయడం ఇంకో దారి. మేస్త్రి గారి ఓటు దీనికే. "చివర పట్టీ ఎందుకసలు? కింద రెండు పట్టీలు గాడిలో జారేట్టు పెడితే వంపు తిరగదు." ఆయన చెప్పింది సరైనదే, పని కూడా తక్కువ. కానీ అమ్మగారికి ఆ పట్టీలున్న రూపం ఇష్టం. కోసిన కొనల్లో పిండి, పులుసు ఇంకుతాయన్న భయం కూడా ఉంది. ఇష్టపడి అడిగినదాన్ని, సరిగ్గా చేసే దారి ఉన్నప్పుడు, తీసెయ్యడం నాకు నచ్చలేదు.

మళ్లీ చేసిన తీరు

మొదటి నిర్ణయం, బల్లని మా ఊరు తీసుకురాకూడదని. ఏడాదికి పైగా ఆ ఇంటి గాలికి అలవాటుపడ్డ కర్రని మళ్లీ గోదావరి తేమలోకి తెచ్చి అతుకులు కోస్తే మొదటికే వస్తాం. హైదరాబాద్ శివార్లలో ఒక స్నేహితుడి షెడ్డులో మూల అడిగి తీసుకున్నాను. కొత్త పట్టీల కోసం మా దగ్గరున్న 14 శాతం ముక్కల్ని ఆరు వారాల ముందే తెచ్చి, వాళ్ల హాల్లో సోఫా వెనక మధ్యలో పుల్లలు పెట్టి పేర్చాను. "ఇల్లు అడితి చేశావు నాయనా" అన్నారు అమ్మగారు. 9కి దిగాకే వాటిని ముట్టుకున్నాను.

పాత పట్టీలు కోసేశాం. పగుళ్లున్న చోట పలకని నిలువుగా చీల్చి, నలిగిన నార, నా జిగురు ముద్ద పోయేదాకా చిత్రిక పట్టి, మళ్లీ అతికాం. బల్ల వెడల్పు 890కి వచ్చింది. పొడవు ఆరడుగుల నుంచి ఐదడుగుల తొమ్మిది అంగుళాలకి. ఇది కోతకి ముందే కాగితం మీద గీసి చూపించి, ఇద్దరి చేతా సరేననిపించాను. మాస్టారికి కష్టమే అనిపించింది. తాతల కర్రలో మూడంగుళాలు నా తప్పుకి పోయాయి.

పలకల కొనల్లో మందంలో మూడోవంతు ఉండే నాలుక తీసి, అందులో మూడు చోట్ల నాలుకని పొడిగించి కుసులు చేశాను. మధ్యలో ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి. పట్టీలో గాడి, మూడు బెజ్జాలు. మధ్య కుసికి మాత్రమే జిగురు, చీల. పక్క కుసులకి జిగురు లేదు. వాటి బెజ్జాలు కుసి కంటే అటూ ఇటూ ఐదేసి మిల్లీమీటర్లు వెడల్పు. చీల దూరే కన్నం కూడా గుండ్రంగా కాకుండా పొడుగ్గా, పది మిల్లీమీటర్ల చీలకి పదహారు మిల్లీమీటర్ల కన్నం.

మధ్యదాన్నే ఎందుకు బిగించాలంటే, అప్పుడు కదలిక రెండు పక్కలకీ సగం సగం పంచుకుంటుంది. ఒక చివర బిగిస్తే మొత్తం రెండో చివర కనిపిస్తుంది. పదహారే ఎందుకు? పక్క కుసి మధ్య నుంచి 320 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. రేపు వీళ్లు బల్లని మళ్లీ కోస్తాకి తీసుకొచ్చినా, తేమ 8 నుంచి 14కి పెరిగినా, అక్కడ కదిలేది రెండున్నర మిల్లీమీటర్లు. అటు మూడు, ఇటు మూడు వదిలాను.

మధ్య కుసిని బిగించడానికి పాత మంచాల పద్ధతి వాడాం. పట్టీలో కన్నం ఒక చోట, కుసిలో కన్నం భుజం వైపు, అంటే కుసి మొదలు వైపు, కాస్త జరిపి. చీల కొడితే వంకరగా దూరుతూ కుసిని లోపలికి లాగి పట్టేస్తుంది, క్లాంపు అక్కర్లేదు. ఎంత జరపాలో నాకు చేతి అంచనా లేదు. పనికిరాని ముక్క మీద మూడు మిల్లీమీటర్లు జరిపి చూస్తే చీల లోపలే విరిగింది. ఒకటిన్నరకి చక్కగా కూర్చుంది. చీలలు నల్లతుమ్మవి. రంపంతో కోయలేదు, ఉలితో చీల్చి తీశాం. చీలిస్తే నార కొస నుంచి కొస దాకా తెగకుండా ఉంటుంది, కోస్తే ఎక్కడ తెగుతుందో తెలియదు. బండిచక్రాలకి వాడిన కర్ర కదా, చీలకి అంతకంటే ఏం కావాలి.

పట్టీ పొడవు దగ్గర కాసేపు ఆలోచించాను. ఆ రోజు పలకలు 890. పట్టీ కూడా 890కి కోస్తే ఆ రోజు అంచులు కలుస్తాయి, అద్దంలా ఉంటుంది, అందరూ మెచ్చుకుంటారు. కానీ అది ఎండాకాలం, పలకలు అతి సన్నగా ఉన్న సమయం. వానల్లో ఉబ్బితే పలకలు పట్టీ దాటి నాలుగు మిల్లీమీటర్లు బయటికొస్తాయి. అందుకని పట్టీ 892కి కోశాను. ఎండల్లో పట్టీ రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు ముందుకుంటుంది, వానల్లో పలక ఒక మిల్లీమీటరు ముందుకుంటుంది. ఏడాదిలో ఏ రోజూ మరీ తప్పుగా కనిపించదు.

కాళ్ల దగ్గర బ్రాకెట్లు పూర్తిగా తీసేశాం. మూడంగుళాల కాలు, నాలుగంగుళాల పట్టె. పొట్టి వైపు పట్టెలకి పన్నెండు మిల్లీమీటర్ల మందం, నలభై ఐదు పొడవు కుసి వేసి, జిగురు, చీల రెండూ పెట్టి శాశ్వతంగా బిగించాం. చెక్క మందంలో మూడోవంతు అంటే పదకొండు రావాలి. నా దగ్గర పన్నెండు ఉలి ఉంది, బెజ్జం ఉలి వెడల్పుకే తియ్యడం తేలిక, అందుకే పన్నెండు. కాలి పైకొస నుంచి ముప్పావు అంగుళం కిందనే బెజ్జం మొదలుపెట్టాం. అంతకంటే పైకెళ్తే ఎవరైనా బల్లని ఎత్తబోయినప్పుడు కాలి తల చీలిపోతుంది.

పొడుగు పట్టెలు విప్పగలగాలి, లిఫ్టు మాట మర్చిపోలేదు. మన పట్టెమంచం ఎలా ఉంటుంది? కోళ్లు అంటే మంచం కాళ్లు, పట్టెలు, జిగురు లేని కుసి. విప్పి అటక మీద పెట్టి, పెళ్లికి మళ్లీ దించి బిగించేవాళ్లు. అదే చేశాం. పొడుగు పట్టె కుసికి జిగురు లేదు, ఒక బోల్టు కాలి గుండా పట్టె లోపలికి వెళ్లి లాగి పట్టుకుంటుంది. బరువు మోసేది, మెలి తిరగకుండా ఆపేది కుసి. బోల్టు చేసేది దగ్గరికి లాగడం మాత్రమే. మొదటిసారి ఆ రెండు పనులూ నాలుగు స్క్రూల మీద పెట్టాను.

పైభాగాన్ని చట్రానికి పట్టడానికి చెక్క బిళ్లలు. బిళ్లకి ఒక నాలుక, అది పట్టె లోపలి వైపు గాడిలో కూర్చుంటుంది. స్క్రూ బిళ్ల గుండా పైభాగంలోకి మాత్రమే వెళ్తుంది. పైభాగం పక్కలకి సాగితే బిళ్ల దాంతోపాటు గాడిలో జారుతుంది, పైకి మాత్రం లేవనివ్వదు. కుర్రాడు మొదట చేసిన పన్నెండు బిళ్లల్లో నాలుక మీద నార అడ్డంగా వచ్చింది. రెండు బిగిస్తుండగానే పుటుక్కున విరిగాయి. అన్నీ పారేసి నార నాలుక పొడవునా వచ్చేట్టు మళ్లీ చేశాడు.

బిళ్లలు బిగించేటప్పుడు ఏ కాలంలో ఉన్నామో చూసుకోవాలి. మేం మార్చిలో బిగించాం. పైభాగం ఇక సాగుతుందే తప్ప తగ్గదు, కాబట్టి నాలుక ముందు గాడిలో నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ వదిలాం. అదే ఆగస్టులో అయితే నాలుకని గాడి అడుగుదాకా తోసి బిగించాలి. లేకపోతే ఎండలకి బిళ్లలు గాడిలోంచి బయటికి జారి, ఎవరో బల్ల ఎత్తబోతే పైభాగం ఒక్కటే చేతికొస్తుంది. పొట్టి పట్టెల మధ్యలో మాత్రం ఒక్కో స్క్రూ కదలకుండా వేశాను, బల్ల ఒక పక్కకి నడిచిపోకుండా.

పాలిష్ ఈసారి కింద కూడా అన్నే పూతలు వేశాం. పాలిష్ తేమని ఆపదు, నెమ్మది చేస్తుంది. ఒక వైపే నెమ్మది చేస్తే రెండో వైపు తొందరపడి పలక దొప్పలా వంగుతుంది.

తర్వాత

ఏప్రిల్ మొదటి వారంలో బల్ల ఇల్లు చేరింది. పైభాగం లిఫ్టులో నిలువుగా పెడితే పట్టింది. బిగించాక మాస్టారు రెండు చేతులతో అంచు పట్టుకుని గట్టిగా ఊపారు. ఊగలేదు.

ఆగస్టులో ఫోన్. గొంతులో మళ్లీ పాత భయం. "పట్టీ, పలక కలవట్లేదు నాయనా. చేత్తో తడిమితే మెట్టులా తగులుతోంది." అది నా ఇంకో తప్పు. ఇన్ని లెక్కలేసినవాణ్ణి, బల్ల అప్పగించేటప్పుడు ఈ మాట ఆవిడకి చెప్పలేదు. పట్టీ, పలక కాలాన్ని బట్టి ముందుకీ వెనక్కీ జరుగుతాయని, అదే దాని ఆరోగ్యమని ఆ రోజే చూపించి ఉంటే ఆవిడకి నాలుగు రోజుల నిద్ర మిగిలేది. కొన్నవాళ్ల కళ్లలో కదిలే బల్ల అంటే చెడిపోయిన బల్లే. ఇప్పుడు ఏ ఘన చెక్క బల్ల ఇచ్చినా, డబ్బు తీసుకోక ముందే ఒక పాత ముక్క చూపించి ఈ కదలిక వివరిస్తాను. ఇద్దరు ముగ్గురు అది విని ప్లైవుడ్‌కి మారిపోయారు. అదీ మంచిదే, వాళ్లకి కావాల్సింది అదే.

ఖర్చు సంగతి. రెండోసారి కూలి మొత్తం నాదే. రవాణా, బోల్టులు వాళ్లు ఇచ్చారు. మాస్టారు ఇంకా ఇవ్వబోతే తీసుకోలేదు. తేమ చూడకుండా, మేస్త్రి గారి ప్రశ్నకి ఆగకుండా చేసిన పనికి ఆయన ఎందుకు కట్టాలి?

పని పద్ధతిలో మారినవి కొన్నున్నాయి. కర్ర వచ్చిన రోజే మీటరు పెట్టి పలక మీద సుద్దతో అంకె రాస్తాం, తేదీతో. బల్ల ఏ ఊళ్లో, ఏసీ ఉన్న గదిలోనా కాదా అని ముందే అడుగుతాం. ఒకే బల్లకి రెండు ఫిర్యాదులొస్తే, విడివిడిగా మందు వేసే ముందు రెండింటికీ కలిపి ఒక కారణం ఉందేమో చూస్తాం. నిశ్చితార్థం లాంటి తొందర ఉంటే ఇప్పుడైతే పగులు మీద ఒక పొడుగు బల్లగుడ్డ పరచమని చెప్తాను, జిగురు ముద్ద మాత్రం కూరను. ఇక మేస్త్రి గారు ఏదైనా "ఎందుకు అబ్బాయ్?" అని అడిగితే చేతిలో ఉలి కింద పెట్టి జవాబు వెతుక్కుంటాను. ఒక్కోసారి ఆయనే తప్పు, ఆ రోజు ఆయన మొహం చూడాలి.

ఒక్క విషయంలో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు. మేస్త్రి గారు చెప్పినట్టు చివరి పట్టీలు లేకుండా చేసి ఉంటే, పనిలో మూడోవంతు తగ్గేది, అమ్మగారి ఆగస్టు ఫోన్ వచ్చేది కాదు. అడిగిన రూపం కోసం అంత జాగ్రత్త పెట్టడం సబబేనా అని ఆ బల్ల చూసిన ప్రతిసారీ అనుకుంటాను. చూసిన ప్రతిసారీ ఆ పట్టీలే అందంగా కనిపిస్తాయి.

బల్ల కింద, పొట్టి పట్టె పక్కన, పెన్సిల్‌తో తేదీ, వెడల్పు రాయడం మొదలుపెట్టాను. ఏప్రిల్ 890. ఆగస్టులో ఆ ఫోన్ తర్వాత వెళ్లి కొలిస్తే 894. తర్వాతి మార్చికి నేను వెళ్లలేకపోయాను. వాళ్ల మనవరాలు టేపు పట్టుకుని బల్ల కిందికి దూరి, నా రాత కింద వంకర అక్షరాలతో 889 అని రాసి ఫొటో పంపింది.